పిట్టలు అరిచిన మలుపు: బిగ్ బెండ్‌లో నాలుగు రోజులు

ఇర్వింగ్‌లో ఇంటికి చేరి మూడు రోజులైంది. నాన్న ఆత్మకూరులో ఉన్న స్నేహితులందరికీ ఒక్కొక్కరిగా ఫోన్ చేసి కొండపులి ఎదురైన ఒకే కథ చెబుతున్నారు, ఎన్నిసార్లు చెప్పినా దూరం మాత్రం మార్చడం లేదు. "ముప్పై అడుగులు. నేను అడుగులేసి కొలవలేదు కానీ ఇస్కూలు వరండా అంత దూరం" అంటున్నారు. అది విన్న ప్రతిసారీ నా కాళ్లలో సన్నగా వణుకు మొదలవుతోంది. అందుకే వివరాలు చెదిరిపోకముందే రాసి పెడుతున్నాను.

నాన్న నల్లమల అంచు ఊళ్లలో ముప్పై ఏళ్లు టీచరుగా పనిచేశారు. దేశంలోనే విస్తీర్ణంలో పెద్దదైన పులుల అభయారణ్యం పక్కన సైకిల్ మీద బడికి వెళ్లొచ్చిన మనిషి. ఆరు నెలలు మా దగ్గర ఉండటానికి వచ్చి, రెండు నెలలకే "ఈ కాలనీ చుట్టూ ఎన్నిసార్లు తిరగాలమ్మా" అన్నారు. థాంక్స్‌గివింగ్ సెలవులకి బిగ్ బెండ్ నేషనల్ పార్క్ అనుకున్నది ఆయన కోసమే. టెక్సస్ పడమటి కొసన, రియో గ్రాండే నది మెలిక తిరిగే చోట, నదికి అవతల మెక్సికో. మా ఆయన, నేను, ఏడేళ్ల మావాడు, నాన్న. డిక్కీలో రెండు డబ్బాల పులిహోర, పెరుగు, గోంగూర పచ్చడి.

నవంబర్ 26, మంగళవారం – మారథాన్

పేరు మారథాన్ అయినా ఊరు ఈ చివర నుంచి ఆ చివరికి నడిస్తే పది నిమిషాలు పట్టదు. ఇక్కడ నుంచి పార్కు వైపు వెళ్తే మధ్యలో పెట్రోలు దొరకదు కాబట్టి అందరూ ఇక్కడ ఆగుతారు. ఊరు దగ్గరపడుతున్నకొద్దీ ఎదురొచ్చే ప్రతి ట్రక్కు డ్రైవరూ స్టీరింగ్ మీద నుంచి రెండు వేళ్లు పైకెత్తడం మావాడు మొదట గమనించాడు. తెలిసినవాళ్లని కాదు, ఎదురైన ప్రతి ఒక్కరికీ అలాగే. కాసేపటికి మా ఆయన కూడా ఎత్తడం మొదలుపెట్టారు. నాన్నకి ఇది ఎంత నచ్చిందో! "మన పక్క ఊళ్లల్లో ఎద్దులబండి ఎదురైతే ఇట్లనే పలకరించేవాళ్లం" అన్నారు.

సాయంత్రం ఒక చిన్న హోటల్లో తిన్నాం. నాన్న శాకాహారి అని చెబితే వంటావిడ కాస్త ఆలోచించి, గుడ్డు, బంగాళదుంప, పచ్చిమిర్చి వేసి రొట్టెలో చుట్టి తెచ్చింది. గుడ్డు కూడా తినరని అప్పుడు చెప్పాను, ఏమీ అనుకోకుండా వెనక్కి తీసుకెళ్లి బీన్స్‌తో ఇంకోటి చేసింది. నలుగురికీ కలిపి నలభై ఆరు డాలర్లు, టిప్ కాకుండా.

పక్క టేబుల్ దగ్గర డెబ్బై దాటిన ఒక రాంచర్ కూర్చుని ఉన్నారు. ఆయనకి మారథాన్‌కీ పార్కుకీ మధ్య పశువుల భూమి ఉంది. టోపీ తీసి పక్క కుర్చీలో పెట్టి, నాన్న పంచె వైపు మర్యాదగా చూసి ఎక్కడి నుంచి వచ్చారని అడిగారు. అడవి పక్క ఊరు అని నేను చెప్పగానే ఆయన మొదటి ప్రశ్న, "మీ దగ్గర పశువుల్ని ఏది తింటుంది?"

"చిరుత" అన్నారు నాన్న. నేను తర్జుమా చేశాను.

"మాకు పాంథర్" అన్నారాయన.

పాంథర్, మౌంటెన్ లయన్, కూగర్, ప్యూమా అన్నీ ఒకే జంతువు పేర్లు, చోటును బట్టి మారుతుంటాయి. వంటావిడ మాత్రం లోపలి నుంచి "లియోన్" అంది స్పానిష్‌లో, అంటే సింహం. నాన్నకి సింహం అనే మాట మింగుడు పడలేదు. జూలు లేదు, గుంపుగా తిరగదు, గర్జించదు, ఇంక సింహం ఎట్లా అయితది అన్నారు. నిజమే, ఇది సింహంలా గర్జించలేదు, పిల్లిలాగా గురగురలాడుతుంది. ఆ క్షణం నుంచి ఆయనకది కొండపులి. మా ఇంట్లో అందరికీ అదే పేరైపోయింది.

రాంచర్ తాత కాలంలో గొర్రెలు, మేకలు ఉండేవట, ఇప్పుడు ఆవులే. దూడలు పోతుంటాయి అన్నారు. చిరుత ఆవును చంపితే మా దగ్గర అటవీ శాఖ పరిహారం ఇస్తుందని, దానికోసం తిరగాల్సి వస్తుందని నాన్న చెప్పారు. ఆయన ఆశ్చర్యంగా విని, "మాకెవరూ ఇవ్వరు" అన్నారు. టెక్సస్ చట్టంలో కొండపులికి వేట సీజన్ అంటూ లేదు, ఇన్నే చంపాలన్న లెక్కా లేదు. 2024 మేలో మాత్రం రాష్ట్ర వన్యప్రాణి కమిషన్ రెండు నియమాలు పెట్టింది: పట్టి బంధించిన కొండపులిని వదిలి వేటాడకూడదు, ఉచ్చు పెడితే కనీసం 36 గంటలకోసారి వెళ్లి చూడాలి. అంతకుముందు చూడాలన్న నియమం కూడా లేదు, కాలు చిక్కుకుని అది ఎన్ని రోజులు పడి ఉన్నా అడిగేవాళ్లు లేరు. నేను బయల్దేరేముందు ఇదంతా చదివి ఉన్నాను, నోటిదాకా వచ్చింది కానీ అడగలేదు. మాతో అంత ఆప్యాయంగా మాట్లాడుతున్న మనిషిని ఉచ్చుల గురించి ఎలా అడగాలో తెలియలేదు. లేచేటప్పుడు మావాడి తల నిమిరి, "తిరిగి వెళ్లేటప్పుడు ఆగండి, కనిపించిందో లేదో చెప్పండి" అన్నారు.

నవంబర్ 27, బుధవారం – పాంథర్ జంక్షన్, దారి తప్పిన సాయంత్రం

పార్కు టికెట్ కారుకి ముప్పై డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది. పార్కు ఆఫీసు ఉన్న చోటు పేరే పాంథర్ జంక్షన్. ఈ పార్కులో కొండపులి కనిపించిందని చెప్పేవాళ్లు ఏటా 150 మందికి పైనే ఉంటారని, అందులో తొంభై శాతానికి పైగా రోడ్డు మీద కనిపించినవే అని పార్కువాళ్లు చెబుతారు. కాలిబాటలో ఎదురైతే ఏం చేయాలో కూడా బోర్డు పెట్టారు. పరుగెత్తొద్దు. వంగొద్దు. పిల్లల్ని దగ్గరికి తీసుకోండి. పెద్దగా కనపడండి. అరవండి. మీద పడితే ఎదురు తిరగండి.

నాన్న నా చేత ఆ బోర్డు రెండుసార్లు చదివించుకున్నారు. "వంగొద్దు అన్నది మంచి మాట" అన్నారు. వంగిన మనిషి నాలుగు కాళ్ల జంతువులా కనిపిస్తాడని, నల్లమలలో కట్టెలకి, ఆకుకి పోయినవాళ్ల మీద చిరుత పడింది ఎక్కువ వంగి ఉన్నప్పుడేనని చెప్పారు.

నేను ఇంట్లో ఎవరికీ చెప్పని విషయం ఒకటుంది. 2012 ఫిబ్రవరిలో ఇదే పార్కులో, మేము మర్నాడు వెళ్లబోయే చీసోస్ బేసిన్ అనే కొండల నడిమి లోయలో, లాడ్జి పక్కన తల్లిదండ్రులతో నడుస్తున్న ఆరేళ్ల బాబు మీద ఒక కొండపులి పడింది. తండ్రి జేబులో ఉన్న చిన్న కత్తితో పొడిచి వదిలించాడు. బాబు చెంప మీద గాయాలతో బతికి బయటపడ్డాడు. చదివాక రెండు రాత్రులు నిద్రపట్టలేదు, అయినా టూర్ మానుకోలేదు. అమెరికా మొత్తం మీద వందేళ్లకు పైబడిన లెక్క తీసినా దీనివల్ల చనిపోయినవాళ్లు చాలా తక్కువ మంది, రోడ్డు మీద డ్రైవింగే అంతకన్నా ప్రమాదం అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ లెక్క నిజమే. కానీ మనవాడికి ఏడేళ్లు అన్నప్పుడు లెక్క మనసుకి ఆనదు.

మధ్యాహ్నం సాంటా ఎలెనా కాన్యన్. నదికి అటూ ఇటూ పదిహేను వందల అడుగుల రాతి గోడలు, అవతలి గోడ మెక్సికోది. నాన్న నీళ్లలో కాళ్లు పెట్టుకుని, అవతలి గోడ మీద రాయి విసిరితే దేశం దాటినట్టేనా అని మనవడిని అడిగారు. ఇద్దరూ గంటసేపు రాళ్లు విసిరారు.

తిరుగుదారిలో తప్పు చేశాం. ఫోన్లో సిగ్నల్ లేదు, పొద్దున డౌన్‌లోడ్ చేసుకున్న మ్యాపులో దగ్గరి దారి కనపడితే నేనే అటు తిప్పించాను. అది ఓల్డ్ మావరిక్ రోడ్డు, తారు లేని పధ్నాలుగు మైళ్ల కంకర దారి. మాది చిన్న సెడాన్. రేకు మీద నడిపినట్టు దడదడలాడుతూ గంటకి పైగా పట్టింది, మధ్యలో కింద ఏదో రాయి గట్టిగా తగిలి మా ఆయన మొహం పాలిపోయింది. పొద్దు వాలింది. అప్పుడే ముందు నుంచి పది పన్నెండు జావెలీనాలు, అంటే చూడ్డానికి మన అడవి పందుల్లా ఉండే చిన్న జంతువులు, పిల్లలతో సహా రోడ్డు దాటాయి. "ఇవి ఉన్నాయంటే వీటిని తినేది కూడా ఉంటది" అన్నారు నాన్న అద్దం దించుతూ. నేను అద్దం ఎక్కించమన్నాను.

నవంబర్ 28, గురువారం – లాస్ట్ మైన్ బాట

పార్కు బయట ఉన్న టర్లింగువా అనే ఊళ్లో అద్దెకి తీసుకున్న ఇంటి నుంచి ఆరింటికే బయల్దేరాం, ఆలస్యమైతే అక్కడ పార్కింగ్ దొరకదని అందరూ చెప్పారు. బాట మొదలయ్యే కనుమ పేరు కూడా పాంథర్ పాస్. రానూపోనూ 4.8 మైళ్లు. నాన్న మోకాళ్ల కోసం మొదటి మైలు దాకా వెళ్లి లోయ చూసి వచ్చేద్దాం అనుకున్నాం. చలి బాగా ఉంది. నాన్న స్వెట్టర్ మీద శాలువా, చేతిలో కర్ర, తలకి తుండు.

కింద ఎడారి, ఇక్కడ మాత్రం చెట్లు. మొసలి చర్మంలా బీటలు వారిన బెరడుతో ఒక రకం జూనిపర్, ఎర్రటి నున్నటి కొమ్మలతో మద్రోన్. నాన్న ప్రతి చెట్టునీ ముట్టుకుంటూ నడిచారు. ముందు మావాడు, తర్వాత మా ఆయన, నేను, చివర నాన్న.

వాడు ముందుకి పోతున్నాడని నాకు తెలుసు. రెండుసార్లు పిలిచాను. మూడోసారి పిలవలేదు, పిల్లాడు సంతోషంగా ఉన్నాడు కదా అని.

మైలు రాయి ఇంకా రాలేదు. మలుపు అవతల నీలం రంగు పిట్టలు, ఇక్కడ జే అంటారు, ఒక్కసారిగా గోల మొదలుపెట్టాయి. నాకు పిట్టల గోలగానే వినిపించింది. నాన్న ఆగిపోయారు. "పిట్టలు తిడుతున్నాయి" అన్నారు. ఆ గొంతు నాకు తెలుసు, చిన్నప్పుడు బావి గట్టు మీద పాము కనపడినప్పుడు విన్న గొంతు. "పిల్లోడిని ఆపు."

మా ఆయన నాలుగు అంగల్లో మలుపు తిరిగారు. వెనకే నేను. మావాడు దారి మధ్యలో నిలబడి ఉన్నాడు, కదలకుండా. వాడికి ముప్పై అడుగుల ముందు, దారి పక్కన బండ మీద, అది.

బండ రంగే దాని రంగు. మొదట నాకు తోక కనపడింది, నేలదాకా వేలాడుతూ, కొస నల్లగా, మెల్లగా కదులుతూ. ఆ తర్వాతే మిగతా ఒళ్లు. అది మమ్మల్ని చూడటం లేదు, వాడిని చూస్తోంది.

"అమ్మా" అన్నాడు వాడు, చాలా చిన్నగా. నా ఒళ్లంతా పరుగెత్తమనే చెప్పింది. వెనక నుంచి నాన్న, "ఉరకొద్దు. ఎవరూ ఉరకొద్దు. నాయనా, ఆడనే నిలబడు, తాత వస్తున్నాడు" అన్నారు, తరగతి గదిలో పాఠం చెబుతున్నట్టు. మా ఆయన దాని కళ్లలోకి చూస్తూనే ముందుకి నడిచి, వంగకుండా మోకాళ్లు మాత్రం మడిచి, వాడి చొక్కా పట్టుకుని పైకి లాగి చంకలో వేసుకున్నారు. ఆ ఐదారు అడుగులు ఆయన ఎలా వేశారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అప్పటికే నాన్న మమ్మల్ని దాటి పక్కకి వచ్చి, కర్రకి శాలువా తగిలించి తలపైకి ఎత్తి, "హోయ్! హోయ్!" అని ఒక్క కేక పెట్టారు. చేలో పందుల్ని తోలే కేక అది. లోయంతా తిరిగొచ్చింది. నేను కూడా అరిచాను, ఏం అరిచానో గుర్తులేదు, మావాడు మాత్రం "అమ్మ గోవిందా గోవిందా అంది" అంటున్నాడు.

అది లేచింది. భయపడినట్టు లేదు. మమ్మల్ని నలుగుర్నీ ఒక్కొక్కరిగా చూసి, పక్కకి తిరిగి, గడ్డిలోకి అడుగుపెట్టి, మూడో అడుగుకి లేదు. ఆకు చప్పుడు కూడా వినపడలేదు. పిట్టల గోల మాత్రం కొండ పైకి పాకుతూ పోయింది, దాన్నిబట్టి అది ఎటు పోతోందో నాన్న చేత్తో చూపించారు.

మేము వెనక్కి తిరక్కుండా, వెనక అడుగులు వేస్తూనే మలుపు దాటాం. కారు దాకా వాడిని ఎవరూ కింద దించలేదు. కింద ఎక్కడానికి వస్తున్న ఇద్దరు కుర్రాళ్లకి చెబితే, ఒకడు "అబ్బా, ఎంత అదృష్టం" అన్నాడు. నాకు కోపం వచ్చింది. కారులో కూర్చున్నాక మాత్రం అదీ నిజమే అనిపించింది, రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో తెలియక ఏడ్చేశాను.

బేసిన్‌లోని ఆఫీసులో రేంజర్ ఒక ఫారం నింపించుకున్నారు. ఎన్ని గంటలకి, ఎంత దూరం, ఎంతసేపు, పక్కన పిల్లలు గానీ తిన్న మాంసం గానీ కనిపించాయా? చెవులు నిక్కబొడుచుకుని ఉన్నాయా, వెనక్కి అణిచి ఉన్నాయా? మాకెవరికీ చెవులు గుర్తులేవు. నాన్నని అడిగాను. "నిలబడే ఉన్నాయి. అది కోపంగా లేదు, ఎవురీళ్లు అని చూసింది" అన్నారు. ఆవిడ అది రాసుకుని, నాన్న చేయి పట్టుకుని ఊపారు. ఆ బాటలో హెచ్చరిక కాగితం పెడతామని చెప్పారు. దాన్ని ఏమన్నా చేస్తారా అని నాన్న అడగమన్నారు. మనుషుల వెంట పడితే తప్ప ఏమీ చేయం, ఇది దాని ఇల్లు అన్నారావిడ. నాన్న తల ఊపారు.

ఆ సాయంత్రం టర్లింగువాలో పక్కింటి పెద్దావిడ పీకాన్ పై అనే తీపి వంటకం ఒకటి తెచ్చిచ్చింది, పండగ రోజు ఎవరూ ఒంటరిగా తినకూడదని. మేము పులిహోర పెట్టాం, రెండోసారి అడిగి తింది. ఈ ఊరు ఒకప్పుడు పాదరసం గనుల ఊరు, గనులు మూతపడ్డాక మిగిలింది మొండి గోడలు, రాళ్లు పేర్చిన సమాధులు, వాటిమీద కొయ్య శిలువలు. ఆవిడ ముప్పై ఏళ్లుగా ఇక్కడే ఉంటోంది, కొండపులిని చూసింది మూడుసార్లేనట. "అది నిన్ను ఎన్నిసార్లు చూసిందో మాత్రం లెక్క ఉండదు" అంది.

మావాడు పడుకున్నాక నాన్న నేను బయట కూర్చున్నాం. ఇక్కడ రాత్రి ఎంత చీకటంటే పాలపుంత నీడ పడుతుందేమో అనిపిస్తుంది. చాలాసేపటికి నాన్న అలిపిరి గురించి ఎత్తారు. 2023 ఆగస్టులో తిరుమల మెట్లదారిలో నెల్లూరు జిల్లా నుంచి వచ్చిన కుటుంబంలోని ఆరేళ్ల పాపని చిరుత ఎత్తుకుపోయింది. దానికి రెండు నెలల ముందే అదే దారిలో ఇంకో చిన్న బాబుని పట్టుకుంటే జనం అరిచి వదిలించారు. ఆ తర్వాత నడిచేవాళ్లకి చేతికర్రలు ఇచ్చారు, మధ్యాహ్నం దాటాక చిన్నపిల్లల్ని ఆ దారిన పంపడం ఆపారు. నాన్న ఆ దారిలో నన్ను ఆరేళ్లప్పుడు నడిపించారు. "నువ్వు కూడా ఎప్పుడూ ముందు ఉరికేదానివి. నేను పిలిచి పిలిచి ఊరుకునేవాడిని. ఆ పాప తండ్రి కూడా అంతే కదమ్మా. తప్పేముంది ఆయనది" అన్నారు. అప్పుడు చెప్పాను, పొద్దున మూడోసారి నేను పిలవలేదని. ఆయన ఏమీ అనలేదు. శాలువా తీసి నా భుజాల మీద కప్పారు.

నవంబర్ 29, శుక్రవారం – మళ్లీ మారథాన్

పొద్దున నాన్న ఇంకోసారి బేసిన్‌కి పోదామన్నారు. నాకు ఇష్టం లేదు, మా ఆయనకీ లేదు, మావాడికి మాత్రం ఉంది. లాడ్జి దగ్గర పావుగంటలో తిరిగొచ్చే చదునైన చిన్న బాట ఒకటుంది, అక్కడికి వెళ్లాం. ఈసారి నాన్న ముందు, నేను వెనక, వాడు మధ్యలో నా చేయి పట్టుకుని. ఒక లేడి కనపడింది. పిట్టలు మామూలుగానే కూస్తున్నాయి. నాన్న ఆగి విని, "ఇవి మామూలు మాటలు" అని మనవడికి చెప్పారు. ఇప్పుడు వాడికి రెండు రకాల అరుపులకీ తేడా తెలుసు.

ఉత్తరానికి వెళ్లే దారిలో బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్ట్ ఉంటుంది, పాస్‌పోర్టులు డిక్కీలో కాకుండా చేతికందేలా పెట్టుకోండి. మమ్మల్ని రెండు నిమిషాల్లో పంపేశారు.

పార్కు హద్దు దాటగానే రోడ్డుకి రెండు వైపులా తీగ కంచె మొదలవుతుంది. అదే కొండలు, అదే గడ్డి. ఒక్కో మగ కొండపులి తిరిగే నేల వందల చదరపు కిలోమీటర్లు ఉంటుంది. ఈ తీగకి అటు పక్క దాని కోసం ఫారం నింపి, చెవులెలా ఉన్నాయో అడుగుతారు. ఇటు పక్క దానికి ఉన్నది 36 గంటల నియమం లాంటివి రెండే. నిన్నటి ఆ తోక కొస గుర్తొచ్చి, నేను కిటికీలోంచి కంచె వెంటే చూస్తూ కూర్చున్నాను.

మారథాన్ హోటల్లో అదే టేబుల్ దగ్గర రాంచర్ ఉన్నారు. మమ్మల్ని చూడగానే టోపీ తీశారు. మావాడు ఆగలేక చేతులు రెండూ చాపి ఎంత పొడుగు తోకో చూపించేశాడు. ఆయన కళ్లు మెరిశాయి, వాడి వయసులో తనూ మొదటిసారి చూశానని, ఆ రోజు ఏ చొక్కా వేసుకున్నారో కూడా గుర్తుందని చెప్పారు. నిజంగానే సంతోషపడ్డారు. తర్వాత కాఫీ కప్పు కింద పెట్టి, "ఎక్కడ?" అన్నారు.

నాన్నకి ఇంగ్లిష్ అంతగా రాదు కానీ ఆ మాట అర్థమైంది. బల్ల కింద నా చేతి మీద చేయి వేశారు.

"పార్కు లోపల" అన్నాను.

"ఎంత లోపల?"

"చాలా లోపల."

ఆయన నా వైపు ఒక క్షణం చూశారు. "మంచిది" అన్నారు. వంటావిడని పిలిచి, పిల్లాడికి ఐస్‌క్రీం తెమ్మని, డబ్బులు తనే ఇస్తానన్నారు.